పికప్ బండికి "పికప్" (లాగుడు) పెంచమని వచ్చేవాళ్ళకి: మా షెడ్డులో మారిన పద్ధతి

కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటరు సెట్టింగులు మార్చడం) ఒక్కటే విడిగా చెయ్యం. ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళకి అడిగినట్టు చేసి పంపేశాం, ఆ పద్ధతి తప్పు. ముందు బరువు, కమాన్లు (వెనక బరువు మోసే పట్టీల స్ప్రింగులు), టైర్లు, బ్రేకులు, కూలింగ్ చూస్తాం. పవర్ ఆఖరున. దీనివల్ల కొంత బేరం పోతుందని తెలుసు.

ఇక్కడ రాసింది ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ గురించి. మన శ్రీసిటీలోనే తయారయ్యే పికప్ ట్రక్కు. పాత 2.5 లీటర్ల ఇంజన్‌కి 134 పీఎస్ పవర్, 320 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). 2021లో వచ్చిన 1.9 లీటర్ల బీఎస్6 ఇంజన్‌కి 163 పీఎస్, 360 న్యూటన్ మీటర్లు. వారమంతా ఆఫీసుకీ పిల్లల స్కూలుకీ తిరిగి, ఆదివారం పొలానికి ఎరువు బస్తాలు మోసే బండికి ఈ పవర్ చాలదని నేననుకోను. చాలట్లేదనిపిస్తే ఎక్కడో ఏదో పట్టేసిందనో, కారుతోందనో అర్థం.

షెడ్డుకి వచ్చేముందు బండిని ఒకసారి కాటా వేయించండి. ఖాళీ చేసి తీసుకెళ్ళొద్దు. ట్యాంకు నిండా డీజిల్, క్యానపీ (తొట్టి మీది కప్పు), టూల్ బాక్సు, స్టెప్నీ, మామూలుగా ఎక్కే మనుషులు, రోజూ ఎలా తిరుగుతుందో అలాగే ఎక్కించండి. మొత్తం బరువుకి ఒక చీటీ. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద నిలిపి రెండో చీటీ. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వెనక ఇరుసు మీద పడే బరువు వస్తుంది. ఆర్‌సీలో ఉన్న గరిష్ఠ బరువులోంచి మొదటి చీటీ అంకె తీసేస్తే, మీరింకా ఎంత ఎక్కించొచ్చో తేలుతుంది. వంద రూపాయలకి అటూఇటూగా అయ్యే ఆ చీటీలు చూశాక చాలామంది అడగాలనుకున్న పనే మారిపోతుంది.

కమాన్ కట్టలో పట్టీలు పెంచితే ఆర్‌సీలో అంకె పెరగదు. వెనక వంగకుండా నిలబడుతుంది, అంతే. ఇరుసు, బేరింగులు, చాసిస్, బ్రేకులు పాతవే. క్యానపీ, సామాను కలిపి తొట్టిలో ఎప్పుడూ రెండు మూడు వందల కిలోలు ఉండే బండికి ఒక పట్టీ పెంచడం సబబు. నెలకోసారి లోడు వేసి మిగతా రోజులు ఖాళీగా తిరిగే బండికి పెంచొద్దు. ఖాళీ బండికి గట్టి కమాన్లు వేస్తే వెనక చక్రాలు రోడ్డుని సరిగ్గా పట్టుకోవు. తొలకరి వానకి తడిసిన మలుపులో వెనక భాగం పక్కకి జారేది అందుకే.

కమాన్ కట్ట విప్పితే యూ-బోల్టులు (కట్టని ఇరుసుకి బిగించేవి) కొత్తవే వేస్తాం. ఒకసారి బిగించిన యూ-బోల్టు సాగి ఉంటుంది, రెండోసారి అదే పట్టు ఇవ్వదు. కట్ట చివర్లని చాసిస్‌కి పట్టే షాకిల్ బోల్టులు, బుష్ బోల్టులు బండి నేల మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్‌లు మెలితిరిగి ఉండిపోయి తొందరగా చిరుగుతాయి. 500 కిలోమీటర్లు తిరిగాక బండి తెచ్చి యూ-బోల్టులు మళ్ళీ బిగించుకోవాలి. దీనికి డబ్బు తీసుకోం, దయచేసి మానకండి. వదులైన యూ-బోల్టు, పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టుని తెంపుతుంది, అప్పుడు ఇరుసే పక్కకి జరుగుతుంది.

ఎత్తు పెంచడంలో మా హద్దు 40 మిల్లీమీటర్లు. అంతకు మించితే ముందు యాక్సిల్ షాఫ్టుల కోణం పెరిగి సీవీ బూట్లు (ఆ షాఫ్టుల జాయింట్ల మీది రబ్బరు తొడుగులు) చిరుగుతాయి, క్యాస్టర్ (స్టీరింగ్‌ని నిటారుగా నిలిపే ముందు చక్రాల వాలు) తగ్గి స్టీరింగ్ హైవే మీద తేలిపోతుంది, ఇంజన్ బలాన్ని వెనక ఇరుసుకి తీసుకెళ్ళే జాయింటు షాఫ్టు క్రాసులు మోగుతాయి. ఒకటి సరిచేయబోతే ఇంకో రెండు పార్టులు మార్చాలి. ఎంత లేపినా అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించాల్సిందే. ఇంకో మాట, వీ-క్రాస్ కాని పికప్‌లు తెచ్చేవాళ్ళకి: మీ బండి వెనక ఇరుసుకి లోడుని పసిగట్టే బ్రేకు వాల్వు రాడ్డు ఉంటే, కమాన్లు లేపగానే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. రాడ్డు సెట్టింగు మార్చకుండా బండి బయటికి పంపం.

ఇక టైర్లు. బండి లాగుడు కొంత ఇక్కడే పోతుంది. 255/60 ఆర్18 టైరు ఎత్తు 763 మిల్లీమీటర్లు. చూడ్డానికి బాగుంటుందని 285/60 ఆర్18 వేస్తే 799. అంటే 4.7 శాతం పెద్దది. గేర్లన్నీ అంత బరువెక్కినట్టే లెక్క. 360 న్యూటన్ మీటర్ల ఇంజన్ 344 ఇస్తున్నట్టు లాగుతుంది. పైగా ఒక్కో టైరు నాలుగైదు కిలోలు ఎక్కువ తూగుతుంది కాబట్టి కదలడానికీ ఆగడానికీ ఇంకాస్త కష్టం. స్పీడోమీటరు అదే అంకె చూపిస్తున్నా ఇంతకుముందుకన్నా 4.7 శాతం వేగంగా పోతుంటారు. డబ్బుపెట్టి టైర్లతో 16 న్యూటన్ మీటర్లు పోగొట్టుకుని, వాటిని వెనక్కి తెచ్చుకోడానికి మళ్ళీ డబ్బుపెట్టి రీమ్యాప్! రోజూ తిరిగే బండికి కంపెనీ సైజే మంచిది. కొనేటప్పుడు లోడు ఇండెక్సు చూడండి: 109 అంటే టైరుకి 1,030 కిలోలు, 112 అంటే 1,120. కంపెనీ ఇచ్చినదానికన్నా తక్కువ ఇండెక్సు ఉన్న టైరు మేం ఎక్కించం.

బ్రేకుల దగ్గర పెద్ద ఖర్చు లేదు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. డ్రమ్ములు విప్పి లైనర్లు, వీల్ సిలిండర్ల లీకు చూస్తాం. డాట్ 4 బ్రేకు ఫ్లూయిడ్ రెండేళ్ళకోసారి మార్చాలి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ అంకె 155 దాకా పడిపోవచ్చు. శ్రీశైలం ఘాట్‌లో లోడుతో దిగేటప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోతే కారణం చాలాసార్లు ఇదే.

కూలింగ్ గురించి ఎవరూ అడగరు, మేమే అడుగుతాం. కోతల కాలంలో పొలం దారుల్లో తిరిగిన బండికి ఏసీ కండెన్సరుకీ రేడియేటరుకీ మధ్య గడ్డి నలుసు, దుమ్ము మెత్తటి దుప్పటిలా పేరుకుంటాయి. ముందునుంచి వాటర్ సర్వీసింగ్ గన్‌తో కొడితే ఇంకా లోపలికి దిగి ఫిన్నులు వంగిపోతాయి. ఇంజన్ వైపునుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కడగాలి. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు చెరిసగం. బోరు నీళ్ళు పోసినవాళ్ళు ముందే చెప్పండి, లోపల ఉప్పు పేరుకుని ఉంటే ఫ్లష్ చెయ్యకుండా కొత్త కూలెంటు పోయడం దండగ.

ఇవి అయ్యాకే స్కానరు పెడతాం. ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు) అడిగిన బూస్టు (టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) ఎంత, నిజంగా వస్తున్నది ఎంత. రైలు ప్రెజరు (ఇంజెక్టర్లకి డీజిల్ అందే ఒత్తిడి) కూడా అలాగే. ఐడిల్‌లో డీపీఎఫ్‌కి (పొగలోని మసి పట్టే ఫిల్టరు) అటూఇటూ ఒత్తిడి తేడా ఎంత. బూస్టు తగ్గితే ఇంటర్‌కూలరు గొట్టం క్లిప్పు వదులై, అక్కడ నూనె చెమ్మ కనిపిస్తుంది. రైలు ప్రెజరు వెనకబడితే మొదటి అనుమానం డీజిల్ ఫిల్టరు మీద. నూనె పూసి వాడే కాటన్ ఎయిర్ ఫిల్టరు ఉంటే ఎయిర్‌ఫ్లో సెన్సరు మీద జిడ్డు చేరుతుంది. దాన్ని తీసేసి కంపెనీ పేపరు ఫిల్టరు వేస్తాం. క్లచ్ పరీక్ష మీరూ చెయ్యొచ్చు: ఖాళీ రోడ్డు మీద ఐదో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటరు పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముందు లేచి, స్పీడు తర్వాత పెరిగితే ప్లేటు జారుతోంది. అలాంటి క్లచ్ మీద టార్క్ పెంచితే ఫ్లైవీలు కూడా పోతుంది.

అన్నీ బాగున్నా ఇంకా కావాలంటే 1.9 ఇంజన్‌లో 400 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపుతాం. లోడుతో ఎత్తు ఎక్కిస్తూ టర్బో ముందు ఎగ్జాస్టు వేడి రికార్డు చేస్తాం. నిలకడగా 680 డిగ్రీలు దాటితే మ్యాపు తగ్గించి ఇస్తాం, వాదించొద్దు. రైలు సెన్సరుకి తగిలించే ట్యూనింగ్ డబ్బాలు పెట్టం. అవి ప్రెజరు తక్కువుందని ఈసీయూకి అబద్ధం చెప్పి పంపుని ఎక్కువ తోయిస్తాయి, భారం ఇంజెక్టర్ల మీద పడుతుంది.

డీపీఎఫ్ తీసేయడం, ఈజీఆర్ (కొంత పొగని తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు) మూసేయడం ఎంత ఇచ్చినా చెయ్యం. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండికి డీపీఎఫ్‌లో మసి కాలి శుభ్రపడే టైము దొరకదు. సగంలో ఆగిన ప్రతిసారీ కొంత డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే సంతోషించకండి, వెంటనే మార్చండి. వారానికోసారి హైవే మీద ఒక అరగంట నిలకడగా నడిపితే చాలావరకు తీరుతుంది. ఇంజన్ ఆయిల్ కాలినప్పుడు తక్కువ బూడిద మిగిల్చేదే వాడాలి, సీ3 గ్రేడు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే చెప్పింది. అదే చట్టం 182ఏ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ముందు క్రాష్ గార్డుల మీద 2017 డిసెంబరులోనే కేంద్రం చర్యలు తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. అందుకే మేం అమ్మడం మానేశాం, పాతవి ఉచితంగా విప్పి ఇస్తాం. చేయించిన మార్పులు ఇన్సూరెన్సువాళ్ళకి రాతపూర్వకంగా చెప్పండి. రీమ్యాప్‌తో కంపెనీ వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు.

పని మూడు విడతలు. మొదటి రోజు పరీక్ష, కమాన్లకీ బ్రేకులకీ రెండు రోజులు, 500 కిలోమీటర్ల తర్వాత బిగింపు. పవర్ మాట అప్పుడే. వచ్చేటప్పుడు ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాపీ, రెండు కాటా చీటీలు, పోయినసారి ఆయిల్ మార్చిన బిల్లు తీసుకురండి. వీల్ లాక్ నట్లు ఉంటే వాటి తాళం మర్చిపోవద్దు.