మా పాత బండిని మళ్లీ రోడ్డెక్కించిన వాళ్లకు

మా కారు మళ్లీ నడుస్తోంది. మొన్న ఆదివారం నాయినను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, ఏసీ వేసుకుని మరీ మిర్యాలగూడ వెళ్లొచ్చాను. ఎక్కడా మొరాయించలేదు. "ఇంజిన్ కంప్యూటర్ పోయింది, దీని మీద ఇంకా డబ్బులు పెట్టడం దండగ, అమ్మేసుకోండి" అనిపించుకున్న బండి ఇది. ఇంజిన్ కంప్యూటర్ అంటే పెట్రోల్, నిప్పురవ్వ ఎప్పుడు ఎంత అందాలో చూసుకునే ఎలక్ట్రానిక్ డబ్బా. దాన్ని నిలబెట్టిన వాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలనుకున్నాను గానీ మెకానిక్ అన్న ఒప్పుకోలేదు. "పేరు, నంబరు పెట్టకక్కా, ఇప్పటికే షెడ్డు ముందట బండ్లు పెట్టనీకి జాగ లేదు" అన్నాడు. సరే, పేర్లు లేకుండానే రాస్తున్నాను. చదివితే ఎవరి సంగతో వాళ్లకు తెలిసిపోతుంది.

2009 మోడల్ చిన్న పెట్రోల్ కారు మాది. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఇంకో ఐదేళ్లకు ఆర్సీ రెన్యువల్ చేయించాం. నాయినకు మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేడు. ఆస్పత్రికైనా చుట్టాలింటికైనా ఈ బండే దిక్కు.

ముందుగా ఆ లారీ డ్రైవరన్నకు దండం. ఆ రోజు అమావాస్య. చెర్వుగట్టు గుడికి పోయే జనంతో ఎల్లారెడ్డిగూడెం దగ్గర రోడ్డు నిండా ఆటోలు, ట్రాక్టర్లు. సరిగ్గా ఆ రద్దీలో ఇంజిన్ ఆగింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది, అంటుకోవడం లేదు. వెనక హారన్లు, పక్కన నాయిన, నాకు ఒకటే టెన్షన్. ఆ అన్న లారీ పక్కకు ఆపి, క్లీనర్‌ను పిలిచి, ఇద్దరూ కలిసి మా కారును వేపచెట్టు కిందికి నెట్టారు. "బ్యాటరీ వీక్ అయినట్టుంది చెల్లె, కేబుల్ ఉంది, మా లారీది కలుపుదాం" అన్నాడు. అప్పటికే మెకానిక్ అన్న ఫోన్‌లో ఉన్నాడు. అది విని, "వద్దు వద్దు, జర ఫోన్ ఆయనకియ్యి" అని ఒకటే కేక. లారీలో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు, మన కార్లకు 12. అది కలిపితే కంప్యూటరే కాదు, ఇంకా ఏమేం కాలిపోతాయో లెక్కుండదట. డ్రైవరన్న పూర్తిగా విని, కేబుల్ చుట్టి మళ్లీ లారీలో పడేశాడు. చెప్తే వినే మనుషులు దొరకడం కూడా అదృష్టమే. తర్వాత తెలిసిన ట్రాలీ అతన్ని పిలిపించి తాడు కట్టించాడు. "ఇంజిన్ నడవనప్పుడు బ్రేకు గట్టిగ తొక్కాల్సొస్తది, స్టీరింగ్ బరువైతది, తాడు సడలనియ్యకు" అని నాకు చెప్పి, ట్రాలీ అతనికి మెల్లగా పొమ్మని చెప్పి, నాయినను ఆటో ఎక్కించి, అప్పుడు కదిలాడు. టీ డబ్బులు కూడా తీసుకోలేదు.

మెకానిక్ అన్న ఆ రోజు పెళ్లికని దేవరకొండలో ఉండడంతో బండిని వేరే చోట దింపాం. అక్కడ బండిలో లోపాలు చదివే స్కానర్ పెట్టారు, కంప్యూటర్‌తో కనెక్ట్ కాలేదు, "కంప్యూటర్ మార్చాలి" అన్నారు. కొత్తదానికి ముప్పై వేల దాకా చెప్పి, ఆర్డర్ పెడితే ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. ఆ సంగతి అంతటితో వదిలేస్తాను.

అన్న తిరిగొచ్చాక చేసిన పని మాత్రం కాస్త వివరంగా రాయాలి. వాళ్ల మాట తప్పని ఆయన అనలేదు. "కావచ్చక్కా, కానీ ముందుగాల దానికి కరెంట్ అందుతుందో లేదో చూడాలె గద" అన్నాడు. తాళం తిప్పగానే మీటర్‌లో ఇంజిన్ గుర్తు లైటు వెలగాలి, వెనక సీటు కింద పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మని చప్పుడు చేయాలి. మా బండిలో రెండూ లేవు. ఫ్యూజులు చూశాడు, కంప్యూటర్‌కు కరెంట్ వదిలే స్విచ్ లాంటి మెయిన్ రిలే మార్చి చూశాడు. తర్వాత బ్యాటరీ వైరు తీసి, గ్లోవ్ బాక్స్ ఊడదీసి, వెనకున్న కంప్యూటర్ కనెక్టర్ బయటికి లాగాడు.

మళ్లీ బ్యాటరీ కలిపి ఆ వైర్లను వోల్టులు కొలిచే మీటర్‌తో చూసి ఊరుకోలేదు. హెడ్‌లైట్ బల్బుకు రెండు వైర్లు అతికించి పెట్టుకున్నాడు, దాన్ని పెట్టి వెలిగించి చూశాడు. వైరు లోపల తెగి ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపిస్తుందట, బల్బు మాత్రం గుడ్డిగా వెలుగుతుంది, అబద్ధం చెప్పదు. మా బల్బు ధగధగా వెలిగింది. ఎర్త్ కూడా అలాగే చూశాడు, బాగానే ఉంది. సెన్సార్లకు కంప్యూటర్ ఇవ్వాల్సిన 5 వోల్టులు మాత్రం లేవు. అప్పుడూ తేల్చేయలేదు. ఏదైనా సెన్సార్ షార్టై ఆ 5 వోల్టులను మింగేస్తోందేమోనని ఒక్కొక్క సెన్సార్ పీకుతూ చూశాడు. అన్నీ పీకినా రాలేదు. అప్పుడన్నాడు, "ఇగ ఇప్పుడు గ్యారంటీ, కంప్యూటరే."

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. ఎడమ పక్క కార్పెట్ ఎత్తితే అడుగున తడి. ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు మట్టితో పూడుకుపోయి ఉంది. బయటికి దారిలేక నీళ్లు లోపలికి కారి, వైర్ల వెంట పాకి కనెక్టర్‌లోకి చేరాయి. పిన్నుల మీద పచ్చగా చిలుము. "దానంతటది పోలేదక్కా, నీళ్లు చంపినయ్. పైపు చూడకుండ కొత్తది పెట్టినా ఏడాదికి అదీ పోతది" అన్నాడు. ఆయనకు నేను ఎక్కువగా రుణపడింది ఈ మాటకే. కంప్యూటర్ మార్చడం చాలామందికి వచ్చు. అది ఎందుకు పోయిందో కనుక్కునేదాకా ఆగేవాళ్లు తక్కువ.

హైదరాబాద్‌లో కోఠి దగ్గర చిన్న గదిలో పనిచేసే సార్‌కు కూడా చాలా థాంక్స్. ఒకప్పుడు టీవీలు బాగుచేసేవారట, ఇప్పుడు కారు కంప్యూటర్లు చూస్తున్నారు. మాదాన్ని విప్పి, స్పిరిట్‌తో కడిగి, భూతద్దం కింద పెట్టి నాకూ చూపించారు. బోర్డు మీద కనెక్టర్ దగ్గర కరెంట్ పోయే వెంట్రుకంత రాగి గీత ఒకటి సగం దాకా చిలుము తినేసి ఉంది. సన్న వైరు అతికించగానే బోర్డు పనిచేసింది. నాకైతే పని అయిపోయిందనిపించింది. ఆయన వేడిగాలి మిషన్ తీసి బోర్డును వేడి చేశారు, వెంటనే మళ్లీ చచ్చింది. "ఇంజిన్ వేడెక్కితే దారిలో ఇదే జరుగుద్దమ్మా, లోపల పొరల్లో కూడా పోయింది, నేను ఇవ్వలేను" అన్నారు. అంతకు ముందు ఎండల్లో ఒకట్రెండు సార్లు బండి ఆగి, చల్లారాక స్టార్ట్ కావడం ఎందుకో అప్పుడర్థమైంది. పెట్రోల్ పంపు అన్నారొకరు, ప్లగ్గులు అన్నారొకరు, ప్లగ్గులు మార్పించాం కూడా. ఆ సార్ అతికించి డబ్బులు తీసుకుని పంపేస్తే నాకేం తెలిసేది?

సెకండ్‌హ్యాండ్‌ది వెతకమన్నది ఆయనే. మోడల్ ఒకటే అయితే చాలదు, లేబుల్ మీద నంబరు చివరి అక్షరం దాకా కలవాలి అన్నారు. బండ్ల పొగ మీద ప్రభుత్వం పెట్టే హద్దులను బీఎస్ అంటారు. హైదరాబాద్‌లో 2005 ఏప్రిల్ నుంచే బీఎస్ 3 నిబంధన, మన జిల్లాల్లో 2010 దాకా బీఎస్ 2 సరిపోయేది. అందుకని ఒకే మోడల్‌లో రకరకాల కంప్యూటర్లు ఉండొచ్చు, ఒకదాని బదులు ఒకటి బిగిస్తే సరిగ్గా నడవవు.

ఆటోనగర్‌లో పాత సామాన్ల దుకాణం భాయ్ ముందు ఒకటి తీశాడు. ఫోన్‌లో మా లేబుల్ ఫొటో పెద్దది చేసి చూసి, "ఒక్క అక్షరం తేడా ఉంది మేడం, ఇది వద్దు" అని తనే పక్కన పెట్టేశాడు. రెండు రోజులాగి సరైనది తెప్పించాడు. ఏ బండిలోంచి తీశాడో బిల్లు మీద రాసిచ్చాడు. "పెట్టి చూడండి, నడవకపోతే వాపస్ తీసుకుంట" అని సగం డబ్బులే తీసుకున్నాడు.

అది బిగించగానే నడుస్తుందనుకున్నాను. నడవలేదు. సెల్ఫ్ తిరుగుతోంది, తాళం గుర్తు లైటు టపటపా కొట్టుకుంటోంది. తాళంలో చిన్న చిప్ ఉంటుంది, కంప్యూటర్ దాన్ని గుర్తుపడితేనే ఇంజిన్‌ను నడవనిస్తుంది. వేరే బండిలోంచి వచ్చిన కంప్యూటర్‌కు మా తాళం ఎలా తెలుస్తుంది? మళ్లీ కోఠి సార్ దగ్గరికే వెళ్లాం. ఈసారి ముందు ఆర్సీ, ఆధార్ అడిగారు, పేరు కలిసిందో లేదో చూసుకున్నాకే చేయి పెట్టారు. నాతో వచ్చిన చెల్లెలు కాస్త చిన్నబుచ్చుకుంది గానీ నాకు అది బాగా నచ్చింది. ఎవరి బండి పడితే వాళ్ల బండి చేసే మనిషైతే రేపు మన బండి దొంగ పట్టుకొచ్చినా చేసిపెడతాడు కదా. పాత బోర్డు మీది ఎనిమిది కాళ్ల మెమరీ చిప్‌లోని సమాచారం చదివి, కాపీ దాచుకుని, దాన్ని ఈ బోర్డులోకి ఎక్కించారు. మా రెండు తాళాలూ పనిచేశాయి.

నల్లగొండ వచ్చాక మెకానిక్ అన్న మళ్లీ అన్నీ చూశాడు. కనెక్టర్ పిన్నుల చిలుము గీకి తీశాడు, ప్లగ్గులకు కరెంట్ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ షార్ట్ లేదని చూసుకున్నాడు, ఛార్జింగ్ 14 వోల్టుల దగ్గర నిలబడుతోందో లేదో చూశాడు. ఏసీ పైపు కొత్తది వేశాడు. స్కానర్ తగిలించుకుని పానగల్ దాకా తనే తోలి చూశాడు. మొదట్లో ఐడిలింగ్, అంటే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, ఎగిరెగిరి పడింది, కాసేపటికి దానంతటదే సర్దుకుంది. ఖర్చంతా కలిపినా కొత్తదానికి చెప్పిన ధరలో సగం కూడా కాలేదు. "వెల్డింగ్ చేయించినప్పుడు బ్యాటరీ తీయించు, లేకుంటే కంప్యూటర్‌కు దెబ్బ" అని చెప్పాడు. ఏసీ వేసినప్పుడు బండి కింద నీళ్ల చుక్కలు పడకపోతే ఆ రోజే తెమ్మన్నాడు. పాత బండ్లున్న వాళ్లు మీరూ ఓసారి కిందికి వంగి చూసుకోండి.

ఇన్ని రోజులూ నన్ను స్కూటీ మీద బడికి తీసుకెళ్లిన మా సోషల్ మేడంకు కూడా థాంక్స్. మేడం, సోమవారం నుంచి నేనే వస్తాను, ఎనిమిదింటికల్లా గేటు దగ్గర ఉండండి. పెట్రోల్ డబ్బులు ఇస్తానంటే మాత్రం ఎక్కించుకోను.