వేసోస్ రాసింది ఏ భాషలో?

సంపాదకుడు గారికి,

నమస్కారం. నార్వే నవలా రచయిత, కవి తార్యాయ్ వేసోస్ మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఇక్కడ ఫోన్‌లో చదివాను. తెలుగులో ఆయన గురించి అంత పెద్ద వ్యాసం చూడడం నాకు ఇదే మొదటిసారి. మంచు గురించి, మౌనం గురించి, అడవి గురించి చాలా రాశారు. ఆయన ఏ భాషలో రాశాడన్నది మాత్రం ‘నార్వే భాష’ అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. పేరు ‘టార్జీ వెసాస్’ అని వేశారు, అది పెద్ద తప్పేం కాదు, ఆ స్పెల్లింగ్ చూస్తే ఎవరైనా అలాగే చదువుతారు. భాష సంగతి అలా వదిలేయలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది టెక్కలి. ఎనిమిదేళ్లుగా నార్వేలో పడమటి వైపున్న వోస్ అనే ఊళ్లో ఉంటున్నాం. మా వారి ఉద్యోగం బెర్గెన్‌లో, రైల్లో వెళ్లొస్తారు. 1917లో వేసోస్ ఇరవై ఏళ్ల కుర్రాడిగా వచ్చి చదువుకున్న ఫోక్ హైస్కూల్ ఈ ఊళ్లోనే ఉంది. పరీక్షలు, మార్కులు లేని బడి అది. ఇప్పటికీ నడుస్తోంది.

నార్వేలో రాతకు రెండు రూపాలున్నాయి, రెండూ అధికారికమే. 1814 వరకు దాదాపు నాలుగు వందల ఏళ్లు ఈ దేశం డెన్మార్క్ కింద ఉంది. కోర్టుల్లో, చర్చిల్లో, పుస్తకాల్లో ఉన్నది డేనిష్. దాని నుంచి వచ్చినదే ఈ రోజు ఎక్కువమంది రాసే బూక్మోల్. రెండోది న్యూనోర్స్క్. ఈవార్ ఓసెన్ అనే పేద రైతు కొడుకు 1840లలో ఊరూరా తిరిగి పల్లె జనం మాటలు పోగేశాడు. 1848లో వ్యాకరణం, 1850లో నిఘంటువు వేశాడు. ఆ మాండలికాలన్నిటి మీద కట్టిన రాతభాష ఇది. 1885లో పార్లమెంటు దీనికి ఆ మొదటిదానితో సమాన హోదా ఇచ్చింది. ‘నేను’ అనడానికి ఓస్లో వాళ్లు ‘యాయ్’ అంటారు, మా ఊళ్లో ‘ఎగ్’ అంటారు. రెండూ రాయొచ్చు, రెండూ ఒప్పే.

వేసోస్ రాసిందంతా ఈ రెండో భాషలో. 1897 ఆగస్టు 20న టెలెమార్క్ కొండల్లో విన్యె అనే చోట పుట్టాడు. ఇంటికి పెద్దకొడుకు, పొలం ఆయనే చూసుకోవాలి. ఆయన కాదన్నాడు, ఆ బాధ చాలా ఏళ్లు మోశాడు. 1923లో మొదటి పుస్తకం వచ్చింది. 1934లో కవయిత్రి హాల్దిస్ మూరెన్‌ని పెళ్లి చేసుకుని, మళ్లీ విన్యెలోనే మిడ్ట్‌బో అనే పొలంలో కాపురం పెట్టాడు. 1970లో పోయేదాకా అదే ఇల్లు. బూక్మోల్‌లో రాస్తే నార్వేలో చదివేవాళ్లు చాలా ఎక్కువమంది దొరికేవారు. ఇప్పటికీ న్యూనోర్స్క్ రాసేవాళ్లు నూటికి పది, పదిహేను మందికి మించరు. అయినా ఆయన భాష మార్చలేదు. ఆయన కవి అని మీరు ఒక్క ముక్కలో అన్నారు గానీ, మొదటి కవితల పుస్తకం తెచ్చేసరికి ఆయనకు యాభై దగ్గరపడింది. అది 1946 మాట.

1957లో వచ్చిన ‘పక్షులు’ నవలను నేను మొదట ఇంగ్లీషులో చదివాను, ఈ ఊరొచ్చి భాష నేర్చుకున్నాక అసలుది చదివాను. మాటిస్ అనే అతను చెరువు పక్కన అక్క హేగెతో ఉంటాడు. పని చేతకాదు, నలుగురిలో మాట కూడదీసుకోలేడు. ఊరంతా అతన్ని వెర్రిబాగులోడి కింద లెక్కకట్టి పేరు కూడా అలాగే పెట్టారు. ఒక వసంతంలో వాళ్ల ఇంటి మీదుగా ఉడ్‌కాక్ అనే పక్షి ఎగరడం మొదలవుతుంది. చిత్తడి నేల మీద దాని ముక్కు గుర్తులు, కాలి గుర్తులు చూసి, అది తనకే ఏదో రాసిందనుకుంటాడు. పుల్ల తీసుకుని తనూ ఆ బురదలో జవాబు రాస్తాడు. మర్నాడు మళ్లీ వెళ్లి చూస్తాడు. నాకు ఆ పుస్తకమంతా ఆ బురదలోనే ఉందనిపిస్తుంది. నోరు తెరిస్తే నలుగురూ నవ్వే మనిషికి, నవ్వకుండా తన మాట చదివే ఒక ప్రాణి దొరికింది. ఇంగ్లీషులో చదివినప్పుడు అది నాకు జాలి కథ. వోస్‌లో, ఈ పొట్టి పొట్టి వాక్యాల్లో చదివినప్పుడు మాటిస్ మా వీధిలో మనిషిలా వినిపించాడు.

మీ వ్యాసంలో ఎక్కువ చోటు ‘మంచు కోట’కే పోయింది, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఆ నవలకు 1964లో నార్డిక్ కౌన్సిల్ (నార్వే, దాని చుట్టుపక్కల దేశాల ఉమ్మడి సభ) సాహిత్య బహుమతి వస్తే, ఆ డబ్బుతో తొలి పుస్తకం రాసేవాళ్ల కోసం ఒక అవార్డు పెట్టాడన్నది కూడా వేసి ఉంటే బాగుండేది. దాన్ని ఇప్పటికీ ఇస్తున్నారు.

ఇక్కడేదో స్వర్గం ఉందని చెప్పడం లేదు. బూక్మోల్ పిల్లలు న్యూనోర్స్క్ కూడా తప్పనిసరిగా నేర్చుకోవాలంటే గొణుగుతారు. న్యూనోర్స్క్ కూడా ఒక ప్రామాణిక భాషే, విన్యెలో మాట్లాడిన మాటను మాట్లాడినట్టు దించింది కాదు. కానీ 1878లోనే ఇక్కడి పార్లమెంటు ఒక తీర్మానం చేసింది: బళ్లో పాఠం వీలైనంత వరకు పిల్లల సొంత మాటలోనే చెప్పాలని. ఇప్పటి విద్యా చట్టంలోనూ పిల్లవాడు తరగతిలో తన ఇంటి మాట మాట్లాడే హక్కు ఉంది. మా అమ్మాయికి వోస్ యాస వచ్చేసింది. ఓస్లో వెళ్లినా అదే మాట్లాడుతుంది. ఇంతవరకు ఎవరూ దిద్దలేదు.

ఇప్పుడు మన సంగతి. నిరుడు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి మా జిల్లాలోనే ఒక బళ్లో కథల పోటీ పెట్టారు. మా చెల్లి కూతురు ఎనిమిదో క్లాసు. వాళ్ల నాన్నమ్మ గురించి రాసింది. కథ మామూలు తెలుగులోనే నడిపింది, నాన్నమ్మ నోట్లో మాత్రం ‘బువ్వ తినీసినావేటే’ అని ఉంచింది. కాగితం నిండా ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. చెల్లి వెళ్లి అడిగితే, ‘ఇది తెలుగు దినోత్సవమమ్మా, యాస దినోత్సవం కాదు’ అన్నారట. ఆ రోజు ఎవరి పుట్టినరోజు? గిడుగు రామమూర్తి గారిది. ఆయన పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. మాట్లాడే భాషలో రాయాలని జీవితమంతా పోరాడిన మనిషి, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. ఆయన పేరు మీద జరిగే పండగలో, ఆయన జిల్లాలోనే, ఒక ముసలామె మాట తప్పయిపోయింది.

ఇందులో ఆ టీచరు ఒక్కరినే అనడం న్యాయం కాదు. గిడుగు వారు గెలిచాక మనం రాతలోకి తెచ్చుకున్నది చదువుకున్నవాళ్లు మాట్లాడే ఒక రకం తెలుగు, శిష్ట వ్యావహారికం అంటారే అది. తక్కిన మాటలు గడప బయటే ఉండిపోయాయి. సినిమాలో నవ్వించడానికి శ్రీకాకుళం యాస కావాలి, తెలంగాణ యాస విలన్‌కి కావాలి అనే రోజులు చాలాకాలం నడిచాయి. తెలంగాణ వచ్చాక అక్కడ కొంత మారింది, మా వైపు అంత మారలేదు. శ్రీకాకుళంలో 1997 నుంచి కథానిలయం అనే తెలుగు కథల లైబ్రరీ ఉంది, యాసలో రాసిన మంచి కథలు అందులో ఎన్నో ఉన్నాయి. అవి పెద్దల కథలు. పిల్లలకు వచ్చేసరికి మళ్లీ ఎర్ర పెన్నే.

నేను అడిగేవి రెండు. ఈ ఆగస్టుకు విద్యాశాఖ బళ్లకు పంపే పోటీ నిబంధనల్లో, పాత్రల మాటలు ఇంటి యాసలో ఉంటే మార్కులు తగ్గించకూడదని ఒక లైను చేర్చాలి. దానికి బడ్జెట్ అక్కర్లేదు. రెండోది మీతో పని. మీ పిల్లల పేజీలో ‘రచనలు శిష్ట వ్యావహారికంలోనే ఉండాలి’ అని ప్రతి వారం అడుగున వేస్తున్నారు. ఆ లైను తీసేయండి.

మా పిల్ల కథ దీనితో పాటు పంపిస్తున్నాను, మూడు పేజీలు. అక్షర దోషాలుంటే దిద్దుకోండి. నాన్నమ్మ మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు వేయండి. కుదరకపోతే కథ వేయకండి, తనకు నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు
వోస్, నార్వే
(స్వస్థలం: టెక్కలి, శ్రీకాకుళం జిల్లా)