మొదటి లారీలోనే యూరిన్ పైపులు కూడా పంపండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారం. యుద్ధం మొదలైన చోటికి ముందుగా ఏ సామాన్లు వెళ్తాయన్నదే ఈ లేఖలో నా విషయం. గాయాలకు కట్లు, ఆపరేషన్ సామగ్రి, రక్తం వెళ్లాల్సిందే, అందులో వాదన లేదు. కానీ బాంబు పడకముందే కాళ్లు పడిపోయి వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషి సంగతేమిటి? ఆమెకు కావలసినవాటిని చాలాసార్లు పునరావాసం పద్దులో రాసి, అదంతా కాల్పులు ఆగాక చూద్దాంలే అంటారు. అన్నాళ్లు ఆమె బతకాలి కదా.

నేనూ వెన్నుపూస దెబ్బతిన్నదాన్నే కాబట్టి ఇది వివరంగా చెప్పగలను. నడుము కింద స్పర్శ లేని మనిషిని పడుకోబెడితే రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పాలి. పారిపోయే హడావిడిలో మెత్త వెనకే ఉండిపోయి, షెల్టర్‌లో గచ్చు మీద పడుకుంటే పుండు పడుతుంది. నొప్పి తెలియదు కాబట్టి ఎవరో చూసేసరికే లోతుగా దిగిపోతుంది, ఎముకదాకా కూడా. మూత్రం బయటికి తీసే యూరిన్ పైపులు (క్యాథెటర్లు) దొరక్క పాతదాన్నే వాడితే ఇన్‌ఫెక్షన్ కిడ్నీలకు పాకుతుంది. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆగిపోతే, తెరిపి లేకుండా వచ్చే మూర్ఛతో ప్రాణమే పోవచ్చు. ఈ చావుల్ని యుద్ధం ఖాతాలో ఎవరు రాస్తారు? జబ్బు చేసి పోయారంటారు, అంతే.

చట్టాలకేం కొదవ లేదు. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందమే గాయపడ్డవాళ్లతో పాటు అశక్తులకూ ప్రత్యేక రక్షణ ఇవ్వాలంది. వికలాంగుల హక్కుల ఒప్పందం 2006లో వచ్చింది, దాని 11వ అధికరణం యుద్ధాలు, విపత్తుల గురించే. 2019 ఏప్రిల్‌లో సిరియా యువతి నుజీన్ ముస్తఫా వీల్‌చెయిర్‌లోనే భద్రతా మండలి ముందుకొచ్చి మాట్లాడారు. అదే ఏడాది జూన్‌లో మండలి, యుద్ధాల్లో వికలాంగుల రక్షణ కోసం 2475వ తీర్మానం చేసింది. మీ సంస్థ కూడా 2016లోనే 50 సహాయక పరికరాలతో మంచి జాబితా వేసింది. అది గోడౌన్‌దాకా, అక్కడి నుంచి లారీదాకా రావాలి.

అందుకే అడుగుతున్నాను: యూరిన్ పైపులు, పుండ్లు పడకుండా వేసే మెత్తలు, ఫిట్స్ మందులు, వినికిడి యంత్రాల బ్యాటరీలు మొదటి విడతలోనే ఎక్కించండి. శిబిరంలో పేర్లు రాసుకునేటప్పుడే చూపు, వినికిడి, నడక, జ్ఞాపకశక్తి, సొంత పనులు, మాట గురించి ఆరు ప్రశ్నలు అడగమనండి. వికలాంగుల లెక్కల కోసం ఐక్యరాజ్యసమితి కింద ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ ఎప్పుడో తయారుచేసి ఇచ్చిన ప్రశ్నలే, కొత్తగా కమిటీ వేయక్కర్లేదు. ఎవరున్నారో తెలియకపోతే ఏం పంపాలో ఎలా తెలుస్తుంది?

ఆసుపత్రికి వెళ్లే దారి కూడా చూడండి. చెవిటి మనిషికి చెక్‌పోస్టులో సైనికుడు ‘ఆగు’ అని అరిస్తే వినపడదు. రోగుల్ని తరలించే బస్సులో తోడుగా ఉన్న మనిషికి, వీల్‌చెయిర్‌కు చోటు లేదంటే ఆ తరలింపు వల్ల మాకు ఒరిగేదేమీ లేదు. ఇక కాలు పోయిన పిల్లలు పెరుగుతుంటారు, కృత్రిమ కాలు పెరగదు. ఒకసారి ఇచ్చి ఫొటో తీసుకుంటే సరిపోదు, మళ్లీ మళ్లీ మార్చే వర్క్‌షాప్ అక్కడే నడవాలి.

మే నెలలో జెనీవాలో జరిగే ప్రపంచ ఆరోగ్య సభలో, ఏ యుద్ధ ప్రాంతానికి మొదటి నెలలో ఏమేం చేరాయో వస్తువుల పేర్లతో సహా సభ్యదేశాల ముందు పెట్టండి. పంపనివి ఏవో, ఎవరు అడ్డుపడ్డారో కూడా అందులో రాయండి.

ఇట్లు,
వీల్‌చెయిర్‌లో ఉండే ఒక వికలాంగురాలు