బోడుప్పల్ ఇంటి తాళాల సంగతి

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం చదివాను. నాన్నగారు పోయాక బోడుప్పల్ ఇంటి బాధ్యత నీ నెత్తిన పడిందనీ, బీరువాలో దొరికిన గుత్తిలో ఏ తాళంచెవి ఏ వాటాదో అంతుపట్టడం లేదనీ రాశావు. వరంగల్‌లో ఉంటూ ఇక్కడ హైదరాబాద్‌లో ఆరు వాటాలు చూసుకోవడం తేలికైన పని కాదురా. అక్కావాళ్ళు డాలస్ వెళ్ళిపోయినప్పటి నుంచి వాళ్ళ కొండాపూర్ ఫ్లాట్లు, పిన్ని కేపీహెచ్‌బీ ఫ్లాటు, మా తార్నాక ఇంటి పై వాటాలు అన్నీ నేనే కదా చూస్తున్నది. అందుకే నాకు తెలిసినదంతా రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే విసుక్కోకు.

ముందు ఆ గుత్తిని పక్కన పెట్టెయ్. ఒక్కో తలుపు దగ్గరకీ వెళ్ళి ఒక్కో చెవీ పెట్టి చూస్తానన్నావు. ఆ శ్రమ దేనికి? వాటికి జంటలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో నాన్నగారికే తెలిసి ఉండదు. అద్దెకున్న ప్రతివాళ్ళూ పనమ్మాయికి ఒకటి, ఊరి నుంచి వచ్చే తమ్ముడికి ఒకటి చేయించుకునే ఉంటారు. కోఠీలోనో అమీర్‌పేటలోనో ఫుట్‌పాత్ మీద కూర్చునే తాళాలాయనకి చెవి ఇస్తే, నువ్వెవరు, ఇల్లెవరిది అని అడగడు. ఇత్తడి ముక్క తీసి, అసలు చెవి పక్కన బిగించి, ఆకురాయితో నాలుగు గాట్లు గీసి చేతిలో పెడతాడు. టీ తాగి వచ్చేలోపు అయిపోయే పని. మన ఇంటికి ఎన్ని చెవులున్నాయో మనకి తెలియకుండా పోయేది అక్కడే.

పిన్ని తన ఫ్లాటు తానే చూసుకునే రోజుల్లో ఏమైందో నీకు చెప్పానో లేదో. కొత్తగా దిగిన ఇద్దరు అమ్మాయిలు నైట్ షిఫ్ట్ చేసి వచ్చి మధ్యాహ్నం పడుకుని ఉంటే, తలుపు తాళం తీసుకుని ఒకబ్బాయి నేరుగా హాల్లోకి వచ్చేశాడు. పాత అద్దెవాళ్ళ బంధువట. అటక మీద మర్చిపోయిన సూట్‌కేసు కోసం వచ్చాడు, ఇల్లు ఇంకా ఖాళీగానే ఉందనుకున్నాడు. వాడిలో దురుద్దేశం ఏమీ లేదు. కానీ ఆ పిల్లలకి మళ్ళీ ఆ ఇంట్లో కంటిమీద కునుకు పడలేదు, నెల తిరక్కుండా ఖాళీ చేసేశారు. ఆ ఫ్లాటు నా చేతికి వచ్చినప్పుడు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. అద్దెకున్న మనిషి మారితే తాళంలో చెవి దూర్చే భాగం, అదే సిలిండర్, మారాలి, ఎంత నమ్మకస్థులు ఖాళీ చేసినా సరే.

మొత్తం తాళం మార్చాలేమోనని భయపడకు. ఇప్పుడు చాలా తలుపులకి ఉండే, చెక్క లోపలికి దింపి బిగించే మోర్టైజ్ లాక్‌లో చెవి పెట్టే భాగం ఒక్కటే విడిగా ఊడి వస్తుంది. తలుపు తెరిచి దాని అంచు చూడు. నాలుక బయటికి వచ్చే ఇత్తడి పట్టీ ఉంటుంది కదా, అందులో చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఒక స్క్రూ కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా విప్పు, పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా తిప్పుతూ ఉండాలి. తర్వాత చెవి పెట్టి కొంచెం పక్కకి తిప్పితే, సిలిండర్ మధ్యలో ఉండే చిన్న పన్ను లోపలికి సర్దుకుంటుంది. అప్పుడు లాగితే సిలిండర్ చేతిలోకి జారి వస్తుంది. కొత్తది అలాగే దూర్చి స్క్రూ బిగించడమే. కార్పెంటర్ అక్కర్లేదు, నువ్వే చెయ్యగలవు. ఖర్చు కూడా మొత్తం లాక్ సెట్‌లో చిన్న వంతే. బయటివైపు చెవి, లోపలివైపు తిప్పే నాబ్ ఉన్న రకమే తీసుకో. రెండు వైపులా చెవి పెట్టేది వద్దు. రాత్రిపూట ఏ షార్ట్ సర్క్యూటో అయితే పొగలో చెవి వెతుక్కుంటూ ఎవరూ ఉండకూడదు.

తీసేసిన సిలిండర్ పారెయ్యనక్కర్లేదు. కేపీహెచ్‌బీలో తీసింది తార్నాకలో వేస్తాను, తార్నాకది కొండాపూర్‌లో. అదే భవనంలో పక్క వాటాకి మాత్రం ఎప్పుడూ వెయ్యను. నీకు ఒకటే ఇల్లు కాబట్టి పాతవి నాకిచ్చెయ్, నా దగ్గరున్నవి నువ్వు తీసుకో. కింది రెండు వాటాలకి ఆల్‌డ్రాప్ గడియ, తాళంకప్ప ఉన్నాయన్నావు, వాటికి కప్ప మారిస్తే చాలు.

ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఇంకో తలనొప్పి ఉంటుంది. టులెట్ బోర్డు పెట్టగానే బ్రోకర్లు వస్తారు. ఒకాయనకి చెవి ఇస్తే ఆయన ఇంకొకాయనకి ఇస్తాడు, ఆయన తన కుర్రాడికి ఇస్తాడు. వాళ్ళని అనుమానించి చెప్పడం లేదు, వాళ్ళ పని అలాగే జరుగుతుంది. అందుకే ఖాళీ రోజుల కోసం నేను ఒక మామూలు సిలిండర్ విడిగా ఉంచుకున్నాను. ఇల్లు చూపించినన్నాళ్ళూ తలుపుకి అదే ఉంటుంది. అద్దెవాళ్ళు సామాను దింపే రోజు పొద్దున్నే అది తీసేసి, సీలు విప్పని కొత్తదో, వేరే పేట ఇంటి నుంచి వచ్చినదో వాళ్ళ కళ్ళముందే బిగించి, దాని చెవులన్నీ వాళ్ళ చేతికే ఇస్తాను. అప్పుడు ఆ ఇల్లాలి ముఖంలో వచ్చే నిశ్చింత చూడాలిరా! అడ్వాన్స్ బేరంలో ఎంత తగ్గించినా అది రాదు.

2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో తలుపుల నాబ్‌లు, తాళాలు మార్చుకోవడం అద్దెవాళ్ళ వంతుకే వేశారు. ఉంటున్నప్పుడు పాడైతే సరే. కానీ దిగే రోజున తాళం మార్చి ఉండటం మాత్రం యజమాని బాధ్యతే అని నా గట్టి నమ్మకం.

ఇక నీ అసలు ప్రశ్న, ఎవరి చెవి వాళ్ళకి ఉంటూనే ఆరు వాటాలనీ తెరిచే ఒకే మాస్టర్ కీ పెట్టిస్తే పోదా అని. వద్దురా. మామూలు తాళంలో స్ప్రింగుల కింద, ఒక్కోటీ రెండు ముక్కలుగా ఉండే చిన్న పిన్నులు వరసగా ఉంటాయి. సరైన చెవి పెడితే పిన్నులన్నీ ఒకే గీత దగ్గర చీలి, సిలిండర్ తిరుగుతుంది. మాస్టర్ కీ కావాలంటే ప్రతి పిన్నులో ఇంకో చిన్న బిళ్ళ వేస్తారు, అంటే ప్రతిచోటా ఒకటికి బదులు రెండు ఎత్తుల దగ్గర చీలుతుంది. ఐదు పిన్నుల తాళం అలా తయారైతే, దాన్ని తెరవగల చెవుల ఆకారాలు 1 నుంచి 32కి పెరుగుతాయి. తాళం బలహీనపడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఒక్క వాటా చెవి చేతిలో ఉండి, గాట్లు పెట్టని కొన్ని ఖాళీ చెవులు, ఒక ఆకురాయి ఉంటే, తన తలుపు మీదే ఒక్కో గాటూ మార్చి చూసుకుంటూ మొత్తం భవనం మాస్టర్ కీ తయారుచేసుకోవచ్చని మాట్ బ్లేజ్ అనే పరిశోధకుడు 2003లోనే వివరంగా రాశాడు. తాళం విప్పనక్కర్లేదు, మాస్టర్ కీని కళ్ళతో చూడనక్కర్లేదు. పైగా నీ మాస్టర్ కీ ఏ బస్సులోనో జారిపోయిందనుకో, ఆరు తాళాలూ మార్చాలి. రోజూ పదుల గదులు శుభ్రం చెయ్యాల్సిన హోటళ్ళకి ఆ అవసరం ఉంది. అద్దె వాటాల్లోకి రోజూ వెళ్ళాల్సిన పని నీకేముంది?

ఒకే చెవి పద్ధతి పనికొచ్చే చోటు ఉంది, ఉమ్మడి తాళాలు. టెర్రస్ తలుపు, మోటారు గది, సంపు మూత, మీటర్ల గ్రిల్లు, వీటన్నిటికీ ఒకే చెవితో తెరుచుకునే కప్పల సెట్టు అడిగితే దొరుకుతుంది. ఒక్కో వాటాకి ఒక చెవి ఇచ్చెయ్. టెర్రస్ చెవి ఒకరి దగ్గరే ఉంటే ఎండాకాలంలో వడియాల దగ్గరా, ట్యాంకు నిండి కారుతున్నప్పుడూ గొడవలే. బయటివాటికి ఇత్తడి కప్పలే కొను, ఇనుపవి రెండు వానాకాలాలకే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. గేటు చెవి కూడా పెద్దవాళ్ళందరికీ తలా ఒకటి ఉండాలి. తెల్లవారుజామున మూడింటికి క్యాబ్ దిగే పిల్లలు గేటు బయట నిలబడి ఫోన్లు చేసుకునే పరిస్థితి రాకూడదు.

మీ బావమరిది చెప్పిన స్మార్ట్ లాక్ సంగతి. కొండాపూర్‌లో ఒక ఫ్లాటుకి పెట్టాను. నలుగురు కుర్రాళ్ళు కలిసి ఉంటారు, ఎవరో ఒకరు మారుతూనే ఉంటారు, అక్కడ అది చాలా సుఖం. వెళ్ళినవాడి కోడ్, వేలిముద్ర తీసేస్తే సరి. ప్లంబర్‌కి ఆ ఒక్క పూట పనిచేసే కోడ్ ఇవ్వొచ్చు. అది పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది. అయిపోయే ముందు కూత పెడుతుంది కానీ ఆ కూత ఎవరూ పట్టించుకోరు. పూర్తిగా చచ్చిపోతే బయటి నుంచి తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఆనించడానికో, కేబుల్ గుచ్చడానికో కింద చోటుంటుంది, కొనేముందు అది ఉందో లేదో చూసుకో. దాంతోపాటు వచ్చే మామూలు చెవిని చాలామంది ఇంట్లోనే సొరుగులో పెడతారు. తలుపు తెరుచుకోని రోజున లోపలున్న చెవి ఏం చేసుకుంటాం? అది ఇంటి బయటే ఎక్కడైనా ఉండాలి. వయసైనవాళ్ళకీ, అంట్లు తోమి తోమి వేళ్ళు అరిగిపోయిన ఆడవాళ్ళకీ వేలిముద్ర సరిగ్గా పడదు, వాళ్ళకి కోడ్ తప్పనిసరి. ఇంకో మాట. తలుపు ఎప్పుడు తెరిచారో, ఎవరు తెరిచారో ఆ యాప్‌లో లెక్కంతా ఉంటుంది. అది మనం చూడకూడదురా. అద్దెకున్నవాళ్ళు ఎన్నింటికి ఇంటికి వచ్చారో మనకెందుకు? కుర్రాళ్ళు దిగగానే యాప్ అజమాయిషీ వాళ్ళకే ఇచ్చేశాను, ఖాళీ చేసేటప్పుడు తిరిగి తీసుకుంటాను. నీ ఆరు వాటాల్లో ఉన్నవి కుటుంబాలు, ఏళ్ళ తరబడి ఉంటున్నవాళ్ళు. వాళ్ళకి మంచి మామూలు తాళమే మేలు.

మారు చెవి నీ దగ్గర ఉండాలా అంటే, అద్దెవాళ్ళు ఒప్పుకుంటేనే. నేను చెవిని కవర్లో పెట్టి అంటించి, అతుకు మీద వాళ్ళ చేత సంతకం చేయిస్తాను. పైపు పగిలి నీళ్ళు కారుతుంటే వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాకే కవరు చింపుతాను. కవరు మీద చిరునామా ఉండదు, ఒక అంకె మాత్రమే. ఏ అంకె ఏ ఇల్లో నోటుబుక్కులో ఉంటుంది, ఆ పుస్తకం వేరేచోట ఉంటుంది. వాచ్‌మన్ దగ్గర చెవులు పెట్టకు. రేపు ఎవరింట్లో ఏం పోయినా అందరి చూపూ ముందు సెల్లార్‌లో ఉండే ఆ కుటుంబం మీదే పడుతుంది. చెవి లేకపోతే ఆ నింద వాళ్ళ దరికి రాదు. చెవి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం కూడా వద్దు. 2008లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు దాదాపు 60 మీటర్ల దూరం నుంచి తీసిన ఫొటోతోనే చెవి గాట్లు లెక్కగట్టి చూపించారు. దగ్గర నుంచి తీసిన ఫొటో అయితే చెప్పేదేముంది!

రెండో అంతస్తు ఆయన అద్దె బాకీ పడ్డాడనీ, ఊరెళ్ళినప్పుడు పైన ఇంకో తాళం వేసేస్తే దారికొస్తాడని ఎవరో సలహా ఇచ్చారనీ రాశావు. ఆ మాట వినకు. చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి తప్పిస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద అద్దెకున్నాయన ఆరు నెలల్లోపు దావా వేసి మళ్ళీ ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు, ఇల్లు నీదే అయినా సరే. అది పక్కన పెట్టు. చంటిపిల్లతో బస్సు దిగి వచ్చిన మనిషికి తన గడపలో తన చెవి పనిచెయ్యకపోతే ఎలా ఉంటుందో ఆలోచించు. ఎదురుగా కూర్చుని మాట్లాడు, కాగితం రాయించుకో, అప్పటికీ కాకపోతే లాయర్ దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను.

వానాకాలంలో తాళం పట్టేసిందని ఫోన్ వస్తే వెంటనే కొత్తది కొనెయ్యకు. సాధారణంగా తప్పు తాళానిది కాదు, చెక్క ఉబ్బి నాలుక ద్వారబంధంలోని గాడికి ఎదురుగా రాదు. తలుపు తెరిచి ఉంచి చెవి తిప్పి చూడమను, సాఫీగా తిరిగితే గాడిని కాస్త ఆకురాయితో రాపిస్తే సరిపోతుంది. కొబ్బరినూనె పొయ్యనివ్వకు, దుమ్ము పట్టి జిగురవుతుంది. పెన్సిల్ ముల్లు పొడి చాలు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది కొలతలు పంపడం. ప్రతి తలుపు మందం, సిలిండర్ పొడవు, స్క్రూ నడిమి నుంచి బయటివైపు ఎంత, లోపలివైపు ఎంత, మిల్లీమీటర్లలో రాయి. సిలిండర్ తలుపుకి మించి బయటికి పొడుచుకొస్తే దొంగలు పట్టకారుతో విరిచేస్తారు, అందుకే ఈ కొలత ముఖ్యం. శనివారం పొద్దున రైలుకి సికింద్రాబాద్ వచ్చెయ్, రాణీగంజ్‌లో సరుకు తీసుకుని మధ్యాహ్నానికి బోడుప్పల్ చేరదాం. మొదటి అంతస్తు బామ్మగారు ఒక్కరే ఉంటారన్నావు కదా, ఆవిడకి ముందే ఫోన్ చేసి తాళం మార్చడానికి వస్తున్నామని చెప్పు. ఆవిడది మొదట చేద్దాం.

నీ
సుధాకర్