ఒక్కరి వంటకు నాలుగో వంతు కొలత సరిపోదు

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే శాకాహార వంటలకు కొలతలన్నీ ‘నలుగురికి’ అనే ఇస్తున్నారు. నగరాల్లో ఒక్కరే ఉండి వండుకునేవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. ఉద్యోగానికి వచ్చినవాళ్లు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, పిల్లలు దూరాన స్థిరపడిన పెద్దవాళ్లు ఆ కొలతల్ని నాలుగుతో భాగించుకుని పొయ్యి వెలిగిస్తారు. పప్పు అడుగంటుతుంది, చారు ఉప్పు కషాయమవుతుంది, పోపు మాడుతుంది. వంట మనకు అబ్బదనుకుని కర్రీ పాయింట్‌కి అలవాటు పడిపోతారు. నిజానికి తప్పు వాళ్ల చేతిలో లేదు. దినుసులు నాలుగో వంతుకు తగ్గుతాయి గానీ నీళ్లు, నూనె, మంట ఆ లెక్కన తగ్గవు.

చారునే చూడండి. ఎంత నీరు ఆవిరవుతుందన్నది గిన్నె వెడల్పును బట్టి, మంటను బట్టి, మరిగిన సేపును బట్టి ఉంటుంది. ఎన్ని నీళ్లు పోశామన్నదాన్ని బట్టి కాదు. లీటరు చారులో ఒక గ్లాసు ఆవిరైపోయినా తేడా తెలియదు. అదే గిన్నెలో పావు లీటరు పోసి అంతసేపే మరిగిస్తే మిగిలేది ఉప్పూ పులుపే. ఒక్కరికైతే మూతి వెడల్పు తక్కువున్న చిన్న గిన్నె తీసుకోవాలి. గ్లాసున్నర నీళ్లు, అంటే 300 మి.లీ., గోలీకాయంత చింతపండు, ఒక టమాటా, టీస్పూను చారుపొడి వేసి, పొంగు వచ్చాక సన్నమంట మీద నాలుగైదు నిమిషాలు ఉంచితే పచ్చివాసన పోతుంది. ఉప్పు దించే ముందు వేయాలి, అర టీస్పూనుకు మించకుండా.

పప్పు సంగతి ఇంకా ముఖ్యం. మూడు లీటర్ల కుక్కర్‌లో నేరుగా గుప్పెడు కందిపప్పు, అర గ్లాసు నీళ్లు వేస్తే విజిల్ రాకముందే నీళ్లు ఇగిరి మాడు వాసన వస్తుంది. కుక్కర్ అడుగున పెద్ద గ్లాసుడు నీళ్లు ఎప్పుడూ ఉండాలి. వండేది అందులో పెట్టిన గిన్నెల్లోనే. కింది గిన్నెలో 35 గ్రాముల కందిపప్పు, అరగంట నానబెట్టి, మూడింతల నీళ్లు, చిటికెడు పసుపు, పొంగకుండా రెండు చుక్కల నూనె. పై గిన్నెలో 75 గ్రాముల బియ్యం, రెండింతల నీళ్లు. పాత బియ్యమైతే ఇంకాస్త. నాలుగు విజిళ్లకు రెండూ అవుతాయి, ఆవిరి దానంతటది దిగేదాకా మూత తీయకూడదు. చింతపండు గానీ టమాటా గానీ పప్పు మెత్తబడ్డాకే కలపాలి. ముందే పులుపు తగిలితే ఎంతసేపు ఉడికినా బద్దలు బద్దలుగానే ఉంటుంది.

పోపుకు నూనెను నాలుగో వంతు చేస్తే ముప్పావు టీస్పూను వస్తుంది. అది బాండీ అంతా పల్చగా పరుచుకుని, ఆవాలు చిటపటలాడేలోపే జీలకర్ర నల్లబడుతుంది. లోతైన పోపు గరిటెలో టీస్పూను నూనె పోసి, ఆవాలు చిట్లగానే మంట ఆపేసి, ఆ వేడికే జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేయించాలి. మిక్సీదీ ఇదే కథ: 50 గ్రాముల మినప్పప్పు పెద్ద జార్‌లో బ్లేడుకు అందక గోడలకు అంటుకుంటుంది, పచ్చడి జార్ వాడాలి.

ఇక కొనడం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఒక రోజు తిండికి నమూనాగా చూపిన రెండు వేల కిలో క్యాలరీల పళ్లానికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు చూపించింది. అంటే వారానికి ఒక్క మనిషికి 2.8 కిలోలు. ఒక్కరే కదా అని ఒకటిన్నర కిలో తెచ్చుకునేవాళ్లు సగమే తింటున్నట్టు. కానీ అరకిలోకు తక్కువైతే తూచం అనే చోట కొంటే ఈ 2.8 కిలోల్లో ఐదారు రకాలే వస్తాయి, వారంలో ఒకే కూర రెండుసార్లు తినాలి, లేదా కుళ్లబెట్టాలి. పావుకిలో చొప్పున ఇస్తే పదకొండు రకాలు వస్తాయి. పప్పులకు అదే పళ్లెంలో 85 గ్రాములున్నాయి. పైన చెప్పిన పప్పు అందులో సగం కూడా కాదు గనక పెసరట్టో, బొబ్బర్ల గుగ్గిళ్లో రోజూ తోడవ్వాలి. పాలు పెరుగు మానకూడదు, శాకాహారికి బి12 సహజంగా దొరికే దారి అదొక్కటే.

తెచ్చినవాటిని పాడయ్యే వరసలో వండాలి. మొదటి రెండు రోజులు తోటకూర, పాలకూర, మెంతికూర. ఆ తర్వాత బెండ, వంకాయ, బీర. ఆ పైన దొండ, బీన్స్, క్యాబేజీ. చివరికి కంద, చేమ, గుమ్మడి. బెండకాయ తడితో ఫ్రిజ్‌లో పెడితే జిగురెక్కి మచ్చలు పడుతుంది, వండే ముందే కడగాలి. వంకాయలో మరీ చల్లదనానికి గింజలు నల్లబడతాయి, రెండు మూడు రోజుల్లో వండేదైతే బయటే ఉంచడం మంచిది. ఆలుగడ్డ ఫ్రిజ్‌లో పెడితే పిండిపదార్థం చక్కెరగా మారి వేపుడు ఎర్రగా మాడుతుంది. గోంగూర కట్ట పెద్దదైతే రెండు గుప్పిళ్లు పప్పులో వేసి, మిగిలింది ఆ రోజే తడి ఆరబెట్టి, నూనెలో చెమ్మ ఇగిరేదాకా వేయించి పచ్చడి చేసుకోవాలి. ఫ్రిజ్‌లో వారం ఆగుతుంది, పొడి చెంచాతో తీస్తేనే. బియ్యం పాతిక కిలోల బస్తా చవకేగానీ రోజుకు 150 గ్రాముల లెక్కన ఐదు నెలలు పైగా వస్తుంది, వానాకాలంలో అంతకాలం ముక్కపురుగు పట్టకుండా ఉండదు. ఐదు కిలోల సంచి నెల రోజులకు సరిపోతుంది.

రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి. రోజువారీ ధరల బోర్డు, సరైన తూకం అక్కడి గొప్ప. ప్రతి రైతుబజారులో ఒక దుకాణాన్నైనా వంద గ్రాముల తూకానికి, ఒక మునక్కాయ, రెండు వంకాయలు, ఓ క్యారెట్టు, సొరకాయ ముక్క కలిపి ‘ఒక్కరి సాంబారు’ పొట్లాలకు కేటాయించాలని ఆ బజార్ల నిర్వహణ చూసే ఎస్టేట్ అధికారులను కోరుతున్నాను. కాయలు తరిగి పెట్టొద్దు. తరిగిన ముక్క నీరు కారి మర్నాటికే పనికిరాదు.

మీకు చేసే విన్నపం చిన్నదే. ప్రతి వంటకూ ‘నలుగురికి’ పక్కన ‘ఒక్కరికి’ అని విడిగా వండి చూసిన కొలత వేయండి. గిన్నె సైజు, నీళ్లు మి.లీ.లలో, మంట మీద ఉంచాల్సిన నిమిషాలు కూడా. ముందుగా పప్పుచారు, వంకాయ కూర, మజ్జిగ పులుసు, ఉప్మాలతో మొదలుపెడితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మెహదీపట్నం, హైదరాబాద్