బయోమాస్ కరెంటు: ముందు ఇంధనం సంగతి తేల్చండి

సంపాదకుల వారికి నమస్కారం.

బొగ్గు మానేసి బయోమాస్‌తో, అంటే చెరకు పిప్పి, గడ్డి, పేడ, కలప లాంటివాటితో కరెంటు తీద్దామన్న మాట ఎక్కడ వచ్చినా రెండే వాదనలు వినిపిస్తున్నాయి. ఒకరు అంతా పర్యావరణానికి మంచిదే అంటారు, ఇంకొకరు అడవులను తగలబెట్టడమే అంటారు. బాయిలర్ల దగ్గర పనిచేసినవాణ్ని కాబట్టి నేను మొదట అడిగేది ఇంధనం గురించి. పొయ్యిలోకి వెళ్లేది ఏమిటి, ఎంత దూరం నుంచి వస్తోంది? ఇది తేల్చకుండా అన్ని ప్లాంట్లకూ ఒకే సబ్సిడీ ఇవ్వడం తప్పు.

చెరకు పిప్పినే తీసుకోండి. అది మిల్లులోనే పుడుతుంది, లారీ ఎక్కించే పని లేదు. దాన్ని మండిస్తే వచ్చే ఆవిరి ముందు టర్బైన్‌ను తిప్పి, ఆ తర్వాత రసం మరిగించడానికి వెళ్తుంది. ఇలా కరెంటు, వేడి రెండూ వాడుకునే చోట ఇంధనంలోని శక్తిలో 60 నుంచి 80 శాతం దాకా అక్కరకొస్తుంది. కరెంటు ఒక్కటే తీసే చిన్న ప్లాంటులో 20, 25 శాతం దక్కితే గొప్ప. పేడ, తడి చెత్త సంగతి కూడా అంతే. ఊరికే కుళ్లనిస్తే వచ్చే మీథేన్, వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. దాన్ని డైజెస్టర్‌లో, అంటే గాలి చొరని తొట్టిలో పట్టి ఇంజిన్‌కిస్తే కరెంటు వస్తుంది, మిగిలిన స్లర్రీ (చిక్కటి బురద) పొలానికి ఎరువవుతుంది. ఇలాంటివాటికి ఎంత సాయం చేసినా నేను సమర్థిస్తాను.

పొలాల్లోని గడ్డి దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ఎలాగూ పొలంలోనే తగలబెట్టేస్తున్న గడ్డిని ఫిల్టర్లున్న బాయిలర్‌లో కాలిస్తే ఊపిరితిత్తులకు ఎంతో మేలు, సందేహం లేదు. కానీ ఒక మెగావాట్ ప్లాంటు రోజంతా నడవాలంటే సుమారు 30 టన్నుల ఇంధనం కావాలి. విడి గడ్డి ఘనపు మీటరుకు వంద కిలోలు కూడా తూగదు, అంటే లారీ నిండినా బరువు ఉండదు. కోతలు కొన్ని వారాల్లో అయిపోతాయి, ప్లాంటు మాత్రం ఏడాది పొడుగునా నడవాలి. మధ్యలో వాన పడిందా, బేళ్లు (బిగించి కట్టిన గడ్డి మోపులు) లోపల బూజు పట్టిపోతాయి. పైగా గడ్డి మొత్తం ఎత్తుకుపోతే నేల సారం తగ్గుతుంది, కొంత పొలంలోనే వదలాలి.

ఇంకో చిక్కు బయటివాళ్లకు కనిపించదు. గడ్డిలో పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. ఆ బూడిద తక్కువ వేడికే కరిగి ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ ట్యూబులకు గాజులా అతుక్కుంటుంది. షట్‌డౌన్‌లో మ్యాన్‌హోల్ తెరిచి చూస్తే ట్యూబుల మధ్య సందులే కనపడవు. మనుషులు లోపలికి దూరి, ఆ దుమ్ములో ఉలీ సుత్తీ పట్టుకుని పెచ్చులు పెచ్చులుగా కొట్టి తీయాలి. దాని కింద ట్యూబు తుప్పు పట్టి పలచబడి ఉంటుంది. ఖర్చు లెక్కలు వేసేటప్పుడు ఈ పని ఎవరికీ గుర్తుండదు.

గడ్డి చాలనప్పుడు ప్లాంటు ఆపుకోవాలి, లేదా కలప కొనాలి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీళ్లే, ఆ నీటిని ఆవిరి చేయడానికే బోలెడు వేడి ఖర్చవుతుంది. యూనిట్ కరెంటుకు లెక్కేస్తే చిమ్నీలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ బొగ్గుకు తీసిపోదు, చాలాసార్లు ఎక్కువే. చెట్టు మళ్లీ పెరిగి దాన్ని పీల్చుకుంటుందన్నది నిజమే, కానీ అందుకు దశాబ్దాలు పడుతుంది. బ్రిటన్‌లోని డ్రాక్స్ విద్యుత్ కేంద్రం ఒకప్పుడు పూర్తిగా బొగ్గుది. ఇప్పుడు ఎక్కువగా అమెరికా, కెనడాల నుంచి ఓడల్లో వచ్చే కలప గుళికలతో నడుస్తోంది. అంతర్జాతీయ లెక్కల పద్ధతిలో ఆ పొగ కాల్చిన దేశం ఖాతాలో పడదు, చెట్టు కొట్టిన దేశపు భూమి, అడవుల పద్దులోకి వెళ్తుంది. కాల్చినచోట సున్నా అని రాసుకున్నంత మాత్రాన గాలిలో కలిసింది లేకుండా పోదు కదా!

పోనీ కరెంటు కోసమే పంట వేద్దామా అంటే, తనపై పడే ఎండలో మొక్క దాచుకునేది మామూలుగా ఒక శాతం లోపే, సోలార్ ప్యానెల్ సుమారు 20 శాతాన్ని కరెంటు చేస్తుంది. తిండి పండే భూమిని ఇందుకు కేటాయించడాన్ని నేను ఒప్పుకోలేను. బయోమాస్‌కు ఉన్న గొప్ప సుగుణం ఎండ లేనప్పుడూ గాలి వీచనప్పుడూ అడిగితే కరెంటు ఇవ్వగలగడం. ఉన్న కొద్దిపాటి వ్యర్థాలను ఆ గంటల కోసం వాడుకోవాలి.

అందుకే కొత్త ప్లాంటుకు అనుమతి ఇచ్చేముందు ఇంధనం ఎక్కడిది, ఏ నెలలో ఎంత దొరుకుతుంది, చాలకపోతే ఏం కాలుస్తారు అన్న వివరాలు ప్రజాభిప్రాయ సేకరణలో బయటపెట్టాలి. నడిచే ప్లాంట్ల తూకం రసీదులను ఏటా తనిఖీ చేయించాలి. అడవి చెట్లు కాల్చినట్టు తేలితే ఆ యూనిట్లకు సబ్సిడీ ఆపేయాలి.

భవదీయుడు,
ఒక బాయిలర్ ఇంజినీర్