బండి యాడుందో ఇక లింకులోనే చూసుకోవచ్చు

అనంతపురం యార్డు నుంచి చీనీ (బత్తాయి), టమాటా లోడ్లు మాకిచ్చే రైతులకు, మండీ ఓనర్లకు, బెంగళూరు నుంచి మా బండ్లలో సరుకు తెప్పించుకునే కిరాణా అంగళ్లవారికి నమస్కారం. మన బండ్లన్నిటికీ జీపీఎస్ పెట్టించాం. వచ్చే సోమవారం నుంచి లోడు ఎత్తగానే మీ వాట్సాప్‌కు ఒక లింకు వస్తుంది. నొక్కితే బండి ఎక్కడుందో మ్యాప్‌లో కనబడుతుంది. సరుకు దిగాక ఆ లింకు పనిచేయదు. బాడుగ పెరగదు.

కబురు ఇంతే. కాకపోతే బిగించేటప్పుడు చూసినవాళ్లు డీజిల్ సెన్సర్ పెట్టించలేదేం, కెమెరా లేదేం అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా. కంపెనీ పేరు మాత్రం రాయను, యాడ్ ఇచ్చినట్టుంటుంది. ఆఫీసుకు వస్తే చెబుతా.

ఇన్నాళ్లూ మీరు "బండి యాడుంది సామీ" అని అడిగితే మేం చెప్పిన జవాబులో సగం ఫాస్టాగ్ పుణ్యమే. 2021 ఫిబ్రవరిలో అది తప్పనిసరి అయినప్పటి నుంచి టోల్‌లో డబ్బులు కట్ అయిన మెసేజ్ ఆఫీసు ఫోన్‌కు వస్తుంది. మరూరు దాటింది, బాగేపల్లి దాటింది అని చెప్పేవాళ్లం. మధ్యలో పెనుకొండ దగ్గర టైరు పోయి ఆగిందా, భోజనానికి ఆగిందా అన్నది ఆ మెసేజ్‌లో ఉండదు. తెలియాలంటే డ్రైవర్‌కే ఫోన్ చేయాలి. అర్ధరాత్రి స్టీరింగ్ పట్టుకున్న మనిషికి మీరొకసారి, మేమొకసారి, అవతల కలాసిపాళ్యం మండీవాళ్లొకసారి ఫోన్ చేస్తుంటే ఏ నిమిషాన ఏం వినాల్సొస్తుందోనని నాకు టెన్షన్. జీపీఎస్ పెట్టించడానికి అసలు కారణం అదే. డ్రైవర్లను నమ్మక కాదు.

అమ్మడానికి వచ్చినవాళ్లందరూ ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల గ్రాఫులు చూపించారు. డ్రైవర్ స్కోరు, గట్టిగా బ్రేకు కొట్టిన లెక్క, ఇంజిన్ ఊరికే ఆన్‌లో ఉన్న నిమిషాలు, ఇంకా ఏవేవో. మా ఆఫీసులో బిల్టీలు (సరుకు రవాణా రసీదులు) రాసేదీ, ఫోన్లు ఎత్తేదీ, డీజిల్ లెక్క చూసేదీ ఒక్క అమ్మాయే. ఆ గ్రాఫులన్నీ ఎవరు చూడాలి? ఎవరూ చూడని రిపోర్టుకు ఏటా డబ్బు కట్టడం నాకిష్టం లేదు. ఒకాయనైతే ఏఐఎస్ 140 అనే ప్రమాణం ప్రకారం చేసిన పరికరమే కావాలి, లేకపోతే ఆర్టీవోతో ఇబ్బంది అని భయపెట్టబోయాడు. ఆ ప్రమాణం ప్రధానంగా బస్సులు, ట్యాక్సీల లాంటి ప్రయాణికుల బండ్ల కోసం వచ్చింది. అందుకే అందులో ఆపదలో నొక్కే ప్యానిక్ బటన్ కూడా ఉంటుంది. టమాటా బాక్సులు ఆ బటన్ నొక్కవు కదా.

నేను పెట్టిన పరీక్ష ఒక్కటే. చివరి వరకు మిగిలిన రెండు కంపెనీల పరికరాలనూ ఒకే బొలెరో పికప్‌లో బిగించి గుంటూరు రూట్లో పంపాను. తాడిపత్రి, బనగానపల్లె దాకా రెండూ ఒకేలా చూపించాయి. గాజులపల్లె దాటి నల్లమలలోకి పోతే ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుందని ఆ దారిలో తిరిగేవాళ్లకు తెలుసు. అక్కడ రెండు మ్యాపుల్లోనూ బండి నిలబడిపోయింది. గిద్దలూరు చేరాక తేడా బయటపడింది. ఒకదాంట్లో అడవి మీదుగా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి గీత వచ్చింది, బండి ఎగిరిపోయినట్టు. రెండోదాంట్లో కాసేపటికి ఘాట్ మలుపులన్నీ ఒక్కొక్కటిగా నిండుకుంటూ వచ్చాయి. డ్రైవర్ టీ తాగడానికి ఆగిన చోటు కూడా కనబడింది.

సంగతేమిటంటే, బండి ఉన్న చోటు ఉపగ్రహాల ద్వారా తెలుస్తుంది, దానికి ఫోన్ టవర్‌తో పని లేదు. ఆ చోటును మనకు పంపడానికే పరికరంలో సిమ్ ఉంటుంది. సిగ్నల్ లేనప్పుడు లెక్కను తనలో దాచుకొని, టవర్ అందగానే పంపేది మంచి పరికరం. మనం తీసుకున్నది అదే. కాబట్టి అడవి దారిలో బండి చాలాసేపు ఒకేచోట కనబడితే కంగారు పడొద్దు. పక్కనే "చివరిగా అందిన సమయం" అని ఉంటుంది, ముందు అది చూడండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీలో కొందరికి సొంత బండ్లున్నాయి. పరికరం చవకగా ఇస్తారు, మొదటి ఏడాది ఫ్రీ అంటారు. అసలు ధర రెండో ఏడాది రెన్యువల్‌లో ఉంటుంది. సిమ్ ఖర్చు అందులో కలిసిందా, వేరుగా కట్టాలా అని కాగితం మీద రాయించుకోండి. ఇంకో ప్రశ్న నాకు మా మెకానిక్ చెప్పాడు: రేపు కంపెనీ మారితే ఇదే పరికరాన్ని వేరేవాళ్ల సర్వర్‌కు కలుపుకోవచ్చా? ఇది అడగగానే ఒకరిద్దరు మాట మార్చారు. అక్కడితో వాళ్ల సంగతి అయిపోయింది.

డీజిల్ సెన్సర్ వద్దనుకున్నాం. ట్యాంకుకు రంధ్రం పెట్టి లోపల ఒక కడ్డీ దించాలి, ఏ ట్యాంకుకు ఆ ట్యాంకు కొలత సరిచేయాలి. గతుకుల్లో, ఘాట్లో డీజిల్ అటూ ఇటూ ఊగితే దొంగతనం జరిగిందని మెసేజ్ కొడుతుందట. పాపం దానికేం తెలుసు. ఎప్పటిలాగే ఫుల్ ట్యాంక్ కొట్టించి, మళ్లీ ఫుల్ చేసినప్పుడు తిరిగిన కిలోమీటర్లు చూస్తాం. ఆ కిలోమీటర్లు ఇప్పుడు జీపీఎస్ నుంచి వస్తాయి, మాకదే చాలు.

ఫోన్ నుంచే ఇంజిన్ ఆపేసే సౌకర్యం ఉందని అందరూ గొప్పగా చెప్పారు. బండి దొంగ చేతిలో పడితే పనికొస్తుంది, నిజమే. కానీ లోడుతో ఘాట్ దిగుతున్న ఐచర్ లారీకి పొరపాటున ఎవరో ఆ బటన్ నొక్కితే? ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకులకు కొత్తగా గాలి అందదు. ఆ వైరు కలపొద్దని దగ్గరుండి చెప్పాను. డ్రైవర్ ముఖం మీదికి తిప్పే కెమెరా కూడా వద్దన్నాను. క్యాబినే వాళ్లకు ఇల్లు, అందులోనే పడుకుంటారు.

ఇక మీకు నిష్టూరంగా అనిపించినా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. లింకు వచ్చినంత మాత్రాన బండి ముందుగా రాదు. మ్యాప్‌లో "ఇన్ని గంటల్లో చేరుతుంది" అని కనబడే టైం కారు లెక్క, దాన్ని పట్టుకొని హమాలీలను పిలవొద్దు. బెంగళూరులోకి పెద్ద బండ్లను అన్ని వేళలా వదలరు. ఊరి బయట ఆగిన బండిని చూసి డ్రైవర్ నిద్రపోతున్నాడని అనుకోవద్దు. అతను నిద్రపోయినా తప్పు లేదు, రాత్రంతా నడిపాడు. దయచేసి ఆగిన చోటల్లా ఫోన్ చేయొద్దు. ఏదైనా తేడా ఉంటే మా ఆఫీసు నుంచే మీకు ఫోన్ వస్తుంది.

కిరాణా సరుకు తెప్పించుకునేవారికి ఇంకో లాభముంది. చీనీకి, టమాటాకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) అక్కర్లేదు గానీ యాభై వేలు దాటిన మీ సరుకుకు కావాలి. దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు, ఆపైన ప్రతి 200కు, అందులో కొంత భాగానికైనా, మరో రోజు. బెంగళూరు నుంచి మన ఊరికి 200 కాస్త దాటుతుంది కాబట్టి రెండో రోజు కలుస్తుంది. బండి చెడిపోయి దారిలో ఆగితే, గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల వరకే పొడిగించుకునే వీలుంటుంది. ఇంతకుముందు డ్రైవర్ చెబితేనే తెలిసేది. ఇప్పుడు బండి కదలకపోతే ఆఫీసులోనే తెలుస్తుంది. సరుకును వేరే బండిలోకి మారిస్తే, ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బీలో నంబరు కూడా మేమే మారుస్తాం.

బిల్టీ రాయించేటప్పుడు లింకు ఏ నంబరుకు పంపాలో చెప్పండి. రైతుకూ మండీకీ ఇద్దరికీ కావాలంటే రెండు నంబర్లకూ పంపుతాం. స్మార్ట్‌ఫోన్ లేనివారు ఎప్పటిలాగే ఆఫీసుకు ఫోన్ చేయండి, చూసి చెబుతాం.